మెట్ల మీద ఒక అడుగు, ఒక ఈడ్పు

ముందుగా ప్రమాణం చేసేస్తున్నాను. ఇందులో ఒక్క మాట కల్పించినా, ఇది రాస్తున్న చేతికి రేపటి నుంచి కాఫీ గ్లాసు ఎత్తే ఓపిక లేకుండా పోవుగాక. ఇంత పెద్ద ఒట్టు ఎందుకంటే, నేను చెప్పేవన్నీ గాలి కబుర్లేనని మా ఇంట్లో ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది. (సొరచేప ఒకటి నా ఎడమ చెప్పు మింగి, మర్నాడు కుడి చెప్పు కోసం అదే ఒడ్డుకి వచ్చిన సంగతి ఇప్పటికీ ఎవరూ నమ్మరు.) ఇది అలాంటిది కాదు. ఇది అరవనాట, సముద్రపొడ్డున ఉన్న రాయపురంలో జరిగింది. అక్కడి ఉప్పుగాలి ఇనుమునే తినేస్తుంది, అబద్ధాన్ని బతకనిస్తుందా?

ఆ రోజుల్లో కొత్తగా జీతం అందుకునే కుర్రాళ్ళ చేతికి ఒక దురద ఉండేది, కొనే దురద. ఇప్పుడు ఫోన్లో వేలు ఆనిస్తే వస్తువు ఇంటికొస్తోంది కానీ, అప్పుడు మనమే వెళ్ళి, బేరమాడి, ఓడిపోయి, మోసుకొచ్చేవాళ్ళం. నేను బెజవాడ నుంచి వచ్చి హార్బరు దగ్గర ఒక షిప్పింగ్ కంపెనీలో కంప్యూటర్ల పని చేసేవాణ్ణి. చేపల రేవుకి కాస్త ఇవతల ఒక పాత మేడ మీద ఒంటిగది. ఇంటావిడని వీధి వీధంతా అవ్వ అనే పిలిచేది, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. నెల్లూరు వైపు నుంచి వాళ్ళు ఎన్ని తరాల కిందట వచ్చారో ఆవిడకే తెలియదు. మనవలు అరవంలో పోట్లాడుకుంటే ఆవిడ తెలుగులో తీర్పు చెప్పేది. మోకాలి నొప్పి వల్ల మేడ ఎక్కడం ఎప్పుడో మానేసింది. "నా మోకాలు ఈడ కిందనే ఉండిపోయిందబ్బయ్యా. పైన ఆకాశం ఎట్టుందో నువ్వే చూసి చెప్పాల" అనేది. పగలంతా గుమ్మంలో చిన్న రేడియో పెట్టుకుని కూర్చుని, నేను కొనుక్కొచ్చిన ప్రతి వస్తువునీ తనిఖీ చేశాకే మెట్లెక్కనిచ్చేది. "ఇది ఏంది? కాళ్ళు నొక్కేదా? నీ కాళ్ళకేం రోగం?" "ఇది గడియారమా? నడవదే! నడవని గడియారం కొన్నావా, నడిచే గడియారాన్ని నువ్వే ఆపినావా?"

అలా ఆ గదిలో నాకంటే సామాను ఎక్కువైంది. వేడి నిలవని ఫ్లాస్కు, చపాతీలు అంటుకునే పెనం, కాళ్ళు నొక్కే చెక్క రోలరు, ఆగిన గడియారం, ఇంకా పేరు పెట్టలేనివి కొన్ని. వాటన్నిటి మధ్య కిటికీ గట్టు మీద తంజావూరు తలాడించే బొమ్మ ఒకటి. నవరాత్రుల కొలువు అయిపోయాక పేవ్‌మెంటు మీద మిగిలిపోయిన బొమ్మల్లో కొన్నాను. ఎర్రచీర ముసలమ్మ, పెద్ద బొట్టు, సముద్రపు గాలి తగిలితే చాలు, తల ముందుకీ వెనక్కీ ఊపుతుంది. నేను ఏమడిగినా ఔననేది. ఉద్యోగం మానేయనా? ఔను. మానొద్దా? ఔను. నా జీవితంలో నా నిర్ణయాలన్నిటినీ బలపరిచిన వ్యక్తి ఆవిడొక్కతే.

సరిగ్గా అప్పుడే ఆఫీసులో ఒకాయన అందరికీ ఒక మెయిలు పంపాడు. హాయిగా, తేలిగ్గా బతకడానికి చిట్కాలు. వాడని వస్తువు ఇంట్లో ఉంచకు, రోజుకొకటి వదిలెయ్. చెత్తలో పడెయ్యకు, అవసరమున్నవాళ్ళ కంట పడేచోట పెట్టు. ఇచ్చే చెయ్యి ఎవరికీ కనపడకూడదు. ఇచ్చేది శుభ్రంగా ఇవ్వు. తోమడానికి పొడులు కొనకు, నిమ్మచెక్క చాలు. తేమ పట్టకుండా రాళ్ళుప్పు మూట, పురుగు చేరకుండా ఎండుమిరపకాయలు. చదివి చలించిపోయాను. ఆ రాత్రే నా ఎర్ర దుప్పటి (అది కూడా అదనమే) చింపి గుడ్డలు చేశాను. ఇక ప్రతి వస్తువునీ నిమ్మచెక్కతో తోమడం, పరిమళం కోసం చెక్క అందులోనే ఉంచడం, పుచ్చుకునేవాళ్ళకి నా తరఫున కానుకగా నాలుగు ఎండుమిరపకాయలు, గుప్పెడు ఉప్పు జతచేసి ఎర్రగుడ్డలో కట్టడం, పూర్తిగా తెల్లవారకముందే దిగివెళ్ళి మూడు వీధులు కలిసేచోట పెట్టి రావడం. మూడు వీధుల జనం చూస్తారు కదా అని నా లెక్క.

మీరు ఇప్పటికే నెత్తి కొట్టుకుంటున్నారని తెలుసు. బెజవాడలో మా అమ్మ నాకు జ్వరమొచ్చినప్పుడల్లా ఇవే నిమ్మకాయ, ఇవే మిరపకాయలు, ఇదే ఉప్పు నా తల చుట్టూ తిప్పి, తిన్నగా మూడుదారుల్లో పారేసి వచ్చేది. అయినా నాకు ఆ ఊసే తట్టలేదు. ఎందుకంటే ఇవి నాకు ఇంగ్లీషులో వచ్చాయి. ఇంగ్లీషులో వచ్చిన నిమ్మకాయకీ, అమ్మ చేతిలోని నిమ్మకాయకీ చుట్టరికం ఉంటుందని ఏ చదువుకున్నవాడు అనుకుంటాడు?

మొదట ఫ్లాస్కు పెట్టాను. తెల్లారి ఆఫీసుకి వెళ్తూ చూస్తే అక్కడ లేదు. ఎవరింట్లోనో పసిబిడ్డకి పాలు మోస్తోందనుకుని రోజంతా పొంగిపోయాను. మర్నాడు తలుపు తీసేసరికి, గడప బయట ఫ్లాస్కు నిలబడి ఉంది. తడిగా ఉంది. ఒళ్ళంతా పసుపు పూసి ఉంది. మూతి దగ్గర వేపరెమ్మ ఒకటి, ఎవరో ముద్దాయికి సంకెళ్ళు వేసినట్టు చుట్టి ఉంది. లోపల నేను పెట్టిన నిమ్మచెక్క లేదు. దాని చోట చిటికెడు బూడిద.

ఎవరో సరదాకి చేశారనుకున్నాను. ఆ రోజు పెనం పెట్టాను. పెనమూ తిరిగొచ్చింది, పసుపుతో, వేపతో. రోలరూ అంతే. పట్టు విడవకుండా తిరిగొచ్చినవాటినే మళ్ళీ మళ్ళీ వదిలాను. అప్పటికి వానాకాలం ముదిరింది. పట్టపగలు ఆఫీసులో లైట్లు వేసుకునేవాళ్ళం. సముద్రం మీద కనపడని ఓడలు ఎక్కడో మూలిగేవి. గదికొస్తే కరెంటు ఉండేది కాదు. అవ్వ నన్ను అదోలా చూసేది, చచ్చినవాణ్ణి చూసినట్టు జాలిగా. "తిన్నావా అబ్బయ్యా?" అని ఒక్కమాట అడిగి, పళ్ళెంలో అన్నం పెట్టి, నేను తినేదాకా కళ్ళార్పకుండా చూసేది. నా గది గుమ్మానికి ఎవరో వేపమండలు కట్టారు. అడిగితే "సుమ్మా ఉండు, తిను" అంది, ఊరుకోమని అరవంలో.

ఆ తర్వాత చప్పుడు మొదలైంది. తెల్లవారుజామున, కోడి కూయకముందు, మెట్ల మీద. ఒక అడుగు. తర్వాత బరువైనదేదో ఈడ్చినట్టు. మళ్ళీ ఒక అడుగు. మళ్ళీ ఈడ్పు. మధ్యలో ఆగి, మనిషి కాని మనిషి ఊపిరి తీస్తున్నట్టు ఒక మూలుగు. అది పైపైకి వచ్చేది. నా తలుపు దాకా వచ్చి ఆగేది. టక్కుమని ఏదో కింద పెట్టిన చప్పుడు. మళ్ళీ ఈడ్పు, అడుగు, దిగిపోయేది. దుప్పటి కప్పుకుందామంటే దుప్పటి ముక్కలు చేసుకున్నాను. ఆగిన గడియారం వదిలాను. అది తిరిగొచ్చింది. పసుపూ వేపా సరే, ఈసారి అది నడుస్తోంది. ఆ చీకటి గదిలో, నేను కొన్ననాటి నుంచి ఒక్కసారి కూడా కదలని ముల్లు టిక్కు టిక్కుమంటుంటే గోడ దాకా వెనక్కి జరిగాను. బొమ్మ వైపు తిరిగి అడిగాను, "ఇది నాకోసమే వస్తోందా?" ఔనంది.

కింద గుమ్మంలో అవ్వ రేడియో కూడా ఎందుకో మూగబోయి ఉంది. పారిపోయి ఇడ్లీ అక్క దగ్గర కూర్చున్నాను. మూడు వీధుల మూలన ఆవిడ అంగడి: ఒక ఇడ్లీ కుండ, ఒక బల్ల, పైన నీలం తార్పాలిన్. మొగుడు పోయాక ఆ కుండతోనే ఇద్దరు పిల్లల్ని చదివిస్తోంది. మామూలుగా ఆ వేళకి రేవు నుంచి వచ్చే కూలీలతో బల్ల మీద చోటుండదు. ఆ రోజు ఖాళీ. చట్నీ మీద ఈగ కూడా వాలలేదు.

"ఏమక్కా, ఎవరూ లేరే?"

"రారు తమ్ముడూ. ఆడ..." అని మూల వైపు కళ్ళతో చూపించి, గొంతు తగ్గించింది. "ఆడ పొద్దున్నే ఒకటి వస్తా ఉంది. దాని పేరెత్తకూడదు. పొద్దెక్కేలోగా మాయమైపోతాది. జనం ఆ దారే మానుకున్నారు."

పొద్దున్నే వచ్చేదీ, మాయమయ్యేదీ! అంటే నా మెట్ల మీదికొచ్చేది ముందు ఇక్కడ ఆగి వస్తోందన్నమాట. "మా ఇంటికి కూడా వస్తోందక్కా" అన్నాను. ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇద్దరం కాసేపు ఒకే దయ్యానికి భయపడ్డాం.

పక్కనే నిలబడి టీ తాగుతున్న క్రేన్ మామ (హార్బరులో క్రేను తోలేవాడు, అక్కకి అన్న వరస, దేవుణ్ణీ దయ్యాన్నీ నమ్మనని ఎవరూ అడక్కుండానే చెప్పేవాడు) గొణిగాడు. "ఎవుడో సెయ్‌వినై చేసినాడు. చేతబడి. నేను నమ్మనుకో. కానీ ఆ మూల మీదుగా మాత్రం నడవను."

"శుక్రవారం దాకా చూస్తానన్నా" అంది అక్క. "అప్పటికీ పోకపోతే కుండ ఎత్తుకోని మాధవరంలో మా చెల్లెలింటికి పోతా. ఆడ ఎవురి వాకిట్లోనో అంట్లు తోముకుంటా. పిల్లోళ్ళ బడి..." అని మిగతాది మింగేసింది. నాకు పెట్టిన ఇడ్లీలకి ఆ రోజు ఉప్పు ఎక్కువైంది. అది పిండిలో పడిన ఉప్పు కాదని నాకు తెలుసు.

అప్పుడు నాకొక గొప్ప ఆలోచన వచ్చింది. (నా గొప్ప ఆలోచనలన్నీ ఎవరో ఒకరి కొంప మీదికే వెళ్తాయి.) అక్కకి ధైర్యం కావాలి, అంగడికి జనం కావాలి. నా దగ్గర ఉన్నవాటిలో మంచిదేమిటి? బొమ్మ. బల్ల మీద పెడితే చాలు, గాలికి తలాడిస్తూ దారినపోయేవాళ్ళని పిలుస్తుంది. వదలడానికి మనసు రాలేదు. "నిన్ను ఇచ్చేయనా?" అని అడిగాను. ఔనంది. ఇంకేదైనా అంటుందేమోనని కాసేపు చూశాను.

శుక్రవారం తెల్లవారుజామున, వాన రాబోయే ముందు నల్లటి ఆకాశం కింద, బొమ్మని ఎర్రగుడ్డలో నిమ్మచెక్కలతో, మిరపకాయలతో, ఉప్పుతో సహా అక్క బల్ల మీద నిలబెట్టి వెనక్కి వచ్చాను. మెట్ల మొదట్లో కాలు పెట్టానో లేదో, వినపడింది. ఒక అడుగు. ఒక ఈడ్పు. కానీ ఎప్పుడూ కింద నుంచి పైకి వచ్చేది ఈసారి నాకు పైన ఉంది. నాకూ నా గదికీ మధ్య. మెరుపు ఒకటి మెరిసింది. మెట్ల నడుమ ఒక తెల్లటి ఆకారం, గోడకి ఒరిగి, ఒక కాలు చేతులతో ఎత్తి పై మెట్టు మీద పెట్టుకుంటోంది.

"అవ్వా!"

ఆవిడ చేతిలోంచి చపాతీ పెనం (అది రెండోసారి తిరిగొస్తోంది) గణగణమంటూ మెట్లన్నీ దిగి నా కాళ్ళ దగ్గర పడింది.

"నువ్వు బయట ఏం చేస్తన్నావురా ఈ పొద్దులో?" అంది అవ్వ, దొరికిపోయిన దొంగలా కాదు, దొంగని పట్టుకున్నదానిలా.

"మీరు మెట్లెందుకు ఎక్కారు? మీ మోకాలు..."

"నా మోకాలు సంగతి పోనీ. నీ సామాను ఎవుడో దినమూ ఎత్తకపోయి మూడుదారుల్లో నీ పేరు మీద చేతబడి పెడతన్నాడు. నా కంట పడినాక ఊరుకుంటానా? అమ్మవారి గుడికి తీసకపోయి, పసుపునీళ్ళలో కడిగి, కట్టు కట్టించి మళ్ళా నీ గడపలో పెడతన్నా. నీకు చెప్తే కట్టు తెగిపోతాదన్నాడు పూజారి. ఇప్పుడు తెగిపోయింది పో!"

"గడియారం కూడా మీరేనా? అది నడిచిందే!"

"నడవక? నా రేడియోలో బ్యాటరీ తీసి వేసినా. చచ్చిన గడియారం ఇంట్లో ఉంటే మంచిది కాదబ్బయ్యా."

కాళ్ళ దగ్గరి పెనం చేతిలోకి తీసుకున్నాను. "అవ్వా, అవి ఎవరో పెట్టినవి కాదు. నేనే పెట్టాను." మెయిలు, చిట్కాలు, నిమ్మచెక్క, ఎండుమిరపకాయలు అన్నీ చెప్పాను. అవ్వ విన్నది. చివరికి, "ఇంత చదివించింది ఎవురు నిన్ను?" అంది. ఆ మాట పూర్తయ్యేలోపే మూల మీద నుంచి ఇడ్లీ అక్క కేక, మూడు వీధుల్ని చీల్చుకుంటూ.

నేను పరిగెత్తాను. అవ్వ నా భుజం పట్టుకుని, ఒక అడుగు, ఒక ఈడ్పుగా, నా పరుగుని తన నడకకి దించింది. మేం చేరేసరికి అక్క రోడ్డు మీద కూలబడి ఉంది, ఇడ్లీ కుండని బిడ్డలా ఒళ్ళో పెట్టుకుని. చుట్టూ జనం, దూరంగా. బల్ల మీద ఎర్రగుడ్డ గాలికి విడిపోయి, నిమ్మచెక్కల మధ్య, మిరపకాయల మధ్య ముసలమ్మ నిలబడి మెల్లగా తలాడిస్తోంది. అందరం చూస్తున్నాం. అది అందర్నీ చూస్తోంది. చెబుతున్నాను కదా, పెట్టినవాణ్ణి నేనే, అయినా రెండడుగులు వెనక్కి వేశాను.

క్రేన్ మామ గొంతు సవరించుకుని ముందుకొచ్చాడు. "ఎవురు పంపినారు నిన్ను? పక్క రేవు ఎన్నూరోళ్ళా?" బొమ్మ ఔనంది. జనం హాహాకారం. "ఈ వీధి వోళ్ళా?" ఔనంది. ఒకరినొకరు చూసుకున్నారు. మామ గొంతు సన్నబడింది. "నా... నాకోసమా?" ఔనంది. ఆ తర్వాత మామ అక్కడ లేడు. టీ గ్లాసు మాత్రం ఉంది, ఇంకా తిరుగుతూ.

"నన్ను పొమ్మంటన్నావా తల్లీ?" అని అడిగింది ఇడ్లీ అక్క, ఏడుపు గొంతుతో. బొమ్మ ఔనంది. అక్క లేచి, కొంగు దోపుకుని, కుండ చంకనెత్తుకుంది. నేను నోరు తెరిచాను, నిజం చెప్పేద్దామని. అవ్వ తన మంచి కాలితో నా కాలు తొక్కింది. ఇంత బలం ఉన్న కాలితో ఆవిడ మెట్లెక్కలేకపోవడం ఏమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు. నా చెవిలో, "సుమ్మా ఉండు. ఇప్పుడు నువ్వు చెప్పినా ఎవురూ నమ్మరు. అవమానం నీకు, భయం దానికి, రెండూ మిగిలిపోతాయి" అంది. అప్పుడు బల్ల ముందుకెళ్ళి, జనమంతా వినేట్టు అడిగింది.

"అమ్మా! నువ్వు చెడుపు చేసేదానివి కాదు, కాపాడేదానివి. ఔనా?"

ఔనంది.

"ఈ బిడ్డ అంగడి కాపలాకే వచ్చినావు. ఈడనే ఉంటావు. ఔనా?"

ఔనంది. అక్క కుండ దించింది.

"ఈ మూలన దినమూ పెట్టిన సామాను, ఇంక ముందు పెట్టబోయే సామాను, అంతా నీ ప్రసాదం. అక్కర ఉన్నోళ్ళు తీసకపోవచ్చు. కొనొద్దు, అమ్మొద్దు. ఔనా?"

ఔనంది, ఈసారి మరింత గట్టిగా. గాలి పెరిగింది మరి.

చివరికి నా చెవి పట్టుకుని బల్ల దగ్గరికి లాగింది. "ఈ పిలగాడు ఇంక పనికిమాలిన సామాను కొనకుండా బుద్ధిగా బతుకుతాడు. ఔనా?" బొమ్మ దానికీ ఔనంది. జనం నవ్వేశారు. వాన కూడా అప్పుడే మొదలైంది.

ఆ సాయంత్రానికి నా గది ఖాళీ. ఫ్లాస్కు, పెనం, రోలరు, పేర్లు లేనివి కూడా, అన్నీ ప్రసాదంగా వెళ్ళిపోయాయి. ఊరికే ఇస్తే మూడు వీధులు ముట్టుకోని వస్తువుల కోసం, అమ్మవారి పేరు చెప్పగానే ఆడవాళ్ళు తోసుకున్నారు. రోలరు క్రేన్ మామే పట్టుకెళ్ళాడు, "నేను నమ్మను, కాళ్ళు నొప్పులు, అంతే" అని. గడియారం ఒక్కటి అవ్వకే ఇచ్చాను. బ్యాటరీ తీసి మళ్ళీ రేడియోలో వేసుకుంది. ఇడ్లీ అక్క మాధవరం వెళ్ళలేదు. బల్ల చాలక ఇంకో బల్ల వేసింది.

మొన్నీమధ్య పని మీద రాయపురం వెళ్ళాను. తార్పాలిన్ పోయి రేకులొచ్చాయి. కుండ దగ్గర అక్క కూతురు. గోడ గూట్లో ముసలమ్మ, రంగు పెచ్చులూడిపోయి, బొట్టు మాత్రం కొత్తగా. గూడు కింద ఎవరో వదిలిన పసిపిల్లల ఉయ్యాల ఒకటి, కడిగి, నిమ్మకాయా మిరపకాయలూ కట్టి ఉంది. నేను ఇడ్లీ తినేలోపు ఒక ఆటో ఆయన వచ్చి దండం పెట్టి పట్టుకుపోయాడు. ఆ చిట్కా ఎవరు కనిపెట్టారని అడిగితే, "మా అవ్వల కాలం నించి ఉంది సార్" అంది ఆ పిల్ల. అవ్వ పోయి చాలా కాలమైంది. మా ఇప్పటి అపార్టుమెంటులో లిఫ్టు ఉంది, మెట్లు ఎవరూ ఎక్కరు. అయినా ఏదైనా వస్తువు బయట పెట్టిన మర్నాడు, తెల్లవారుజామున, తలుపుకి చెవి ఆనించి వింటాను. ఒక అడుగు, ఒక ఈడ్పు వినపడితే ఈసారి భయపడను. ఎదురెళ్ళి చెయ్యి అందిస్తాను.

ఇక ఒట్టు సంగతి. కాఫీ నాకు ప్రాణం కనుక ఒప్పుకోక తప్పదు, ఇందులో ఒకటి కల్పించాను. మెట్ల మీద చప్పుడు కాదు, నడిచిన గడియారం కాదు, ఆకాశం చూడలేని మనిషి నాకోసం మేడ ఎక్కడం అసలే కాదు. అవ్వ నా చెవి పట్టుకుని అడిగిన చివరి ప్రశ్నకి బొమ్మ ఔనందని రాశాను చూడండి, అది అబద్ధం. ఆ ప్రశ్న అడగగానే గాలి ఆగిపోయింది. తార్పాలిన్ కదల్లేదు, ఎర్రగుడ్డ కదల్లేదు, మూడు వీధుల్లో ఆకు కదల్లేదు. అప్పటిదాకా అన్నిటికీ ఔనన్న ముసలమ్మ, తల నిటారుగా పెట్టుకుని, నా కళ్ళలోకి సూటిగా చూస్తూ ఉండిపోయింది. ఈ మాట రాయడానికి కాస్త చోటు కోసం బల్ల మీది పెట్టెలు అటు జరుపుతుంటే, వాటిలో ఇంకా విప్పని కొత్త ఫ్లాస్కు ఒకటి దొర్లి కింద పడింది.